నడినెత్తిన సూర్యుడు

“స్తంభం దిగాడా వాడు?”

“లేదత్తయ్యా.”

“కొమ్మ మీద కోతిలా కూర్చున్నాడు. వాడి చేతులు విరగ!”

కోడలు కిటికీలోంచి చూపు తిప్పకుండానే అత్తగారికి అట్టతో విసురుతోంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను నోరు మూసుకుని ఉంది. దాచి ఉంచిన సిలిండరు కాస్తా, నిన్న గాలివానకు కరెంటు పోయినప్పటి నుంచి వాడగా వాడగా ఇందాకే ఖాళీ అయింది. కొత్తది తెచ్చే బండి బయల్దేరిందని దుకాణంవాడు ఫోన్ చేసిన ప్రతిసారీ చెబుతున్నాడు. అది ఏ సందులో తిరుగుతోందో మాత్రం చెప్పడం లేదు.

పెద్దావిడకు ఊపిరికి కరువొచ్చింది గానీ తిట్లకు రాలేదు. దిండుకు ఆనుకుని, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అడిగింది.

“నెత్తి మీద... అంత ఎండ ఉందే. ఆ పలకలన్నీ ఎందుకే మరి?”

అదే ఆవిడ బాధ. కొత్త ఇల్లు కట్టేటప్పుడు కొడుకు ఎంత చెప్పాడని! వేడి లోపలికి రాని గోడలు, రెండేసి అద్దాల కిటికీలు, డాబా నిండా సోలార్ పలకలు పెట్టించుకున్న కొత్త ఇళ్లకు కరెంటు కంపెనీ ప్రోత్సాహక సొమ్ము ఇస్తుందన్నాడు. అతని ఉద్యోగమూ ఆ కంపెనీలోనే. ఫ్యాను కింద కుర్చీ, బల్ల మీద కంప్యూటరు అని ఆవిడ వీధి వీధంతా చెప్పుకుంది. కంపెనీవాళ్లు ‘ఆదర్శ గృహం’ అని రాసిచ్చిన అట్టను హాల్లో తగిలించారు. ఇప్పుడు కోడలి చేతిలో విసనకర్ర అయింది అదే.

“వీధిలో కరెంటు ఆగితే మనదీ దానంతటదే ఆగిపోతుందత్తయ్యా. లేకపోతే డాబా మీది కరెంటు వెనక్కి తీగల్లోకి వెళ్లి, స్తంభం మీద పనిచేసే మనిషిని చంపేస్తుంది.”

“బ్యాటరీ?”

“దానికి కంపెనీ ఏమీ ఇవ్వదు. మెల్లగా మనమే కొనుక్కుందామన్నారు కదా.”

“మావాడికి... ఫోన్ చేశావా?”

“చేశాను. ఎత్తడం లేదు. చేతులు ఖాళీ లేవేమో.”

“ఆఫీసులో కూర్చునేవాడికి... చేతులు ఖాళీ లేకపోవడమేమిటే!”

ఆవిడకు మొన్నటి మాట గుర్తొచ్చింది. నీడపట్టున ఉండేవాడివి, మెడ అంత నల్లగా కమిలిపోయిందేంరా అంటే, బండి మీద తిరుగుడు కదమ్మా అని నవ్వేశాడు. వెర్రి సన్నాసి. చిన్నప్పుడు వాడు నిచ్చెన ఎక్కితే ఆవిడ గుండె పట్టుకుని కూలబడేది. ఆ గుండెకు కంగారు పనికిరాదని డాక్టరు ఇప్పుడు మరీ మరీ చెప్పాడు.

ఇంతలో ఎదురింటి వైరింగ్ మేస్త్రి వచ్చాడు. ఈ ఇంటికి తీగలు లాగింది అతనే. మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు.

“చెల్లెమ్మా, పెద్దావిడ పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆ ఆగిపోయే ఏర్పాటును తప్పించే కిటుకు నాకు తెలుసు. డాబా మీది సోలార్ పెట్టె తాళం ఇస్తే చిటికెలో మన ఇంటివరకూ కరెంటు లేపుతా.”

“అది బయటికి వెళ్తేనో?”

“మెయిన్ దించుతాగా!”

“మొన్న మోటారు బాగుచేసినప్పుడూ దించాననే అన్నావు. షాక్ కొట్టి అరుగు మీద పడ్డావు.”

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. పెద్దావిడ మాత్రం లేచి కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

“ఇవ్వవే తాళం. నీకు దణ్ణం పెడతా.”

కోడలు కొంగున ముడి వేసిన తాళాన్ని గుప్పిట్లో బిగించింది.

“నా వల్ల కాదత్తయ్యా. పైన మనిషి ఉన్నాడు.”

“నేను మనిషిని కాదూ? ఎవడో దారినపోయేవాడి కోసం... నన్ను చంపుతావా? వాడేమైనా నీ తోడబుట్టినవాడా?”

“కాదు.” కోడలికి కళ్లనీళ్లు జలజలా రాలాయి.

“మొసలి కన్నీళ్లు! నా కొడుకే ఇక్కడుంటే... తాళం లాక్కుని ఇచ్చేవాడు.”

కోడలు ఒక చేత్తో అత్తగారి వీపు నిమురుతూ, మరో చేత్తో విసురుతూ, మళ్లీ కిటికీ వైపే చూసింది. పెద్దావిడకు దూరపు చూపు ఆనదు. వీధి చివర స్తంభం మీద ఒక పసుపు టోపీ, నడుముకు ఒక బెల్టు, అంతే కనిపిస్తున్నాయి. అక్కడే వేలాడుతోంది తన ప్రాణం. ఇక తిట్టే ఓపిక లేక ఆవిడ కళ్లు మూసుకుంది.

మిషను గుర్రుమంది.

ముక్కుకు చల్లగా గాలి తగిలింది. కోడలు గొట్టం సరిచేసి, అట్ట వదిలేసి, నేల మీద కూలబడి భోరుమంది. కాసేపటికి పెద్దావిడ పెదాలకు రంగొచ్చింది. అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది.

“ఊరుకోవే, బతికానుగా. తల్లీ, ఏదో ప్రాణభీతి కొద్దీ అన్నాను.”

అంటూనే కిటికీలోంచి చూసి ఉలిక్కిపడింది. పసుపు టోపీ స్తంభం దిగి, సామాన్లు అక్కడే వదిలేసి, తమ గేటు వైపే పరుగెత్తుకొస్తోంది.

“అయ్యో, నా తిట్లు విన్నాడే! కొట్టడానికొస్తున్నాడు. తలుపెయ్యి, తలుపెయ్యి!”

మేస్త్రి అడ్డంగా నిలబడబోయాడు. కోడలు అతన్ని తప్పించుకుని వెళ్లి తలుపు బార్లా తీసింది. గుమ్మంలో ఎండకు అడ్డంగా, నడుముకు బెల్టుతో, రొప్పుతూ నిలబడ్డాడు మనిషి. వచ్చినవాడు టోపీ తీశాడు. మెడ నల్లగా కమిలి ఉంది.

“అమ్మా, ఊపిరాడుతోందా?”