ఆ ఇంటికి తలుపుంది

ఆ ఇంటి తలుపుకు తాళం వేసిన పాపాన ఎవరూ పోలేదు. వేయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

వచ్చింది, ఆ సోమవారం.

రోడ్డు వెడల్పు చేస్తారట. వీధి గది పోతుందని నోటీసు. వీధి గది అంటే దర్జీ కుట్టుమిషను, కత్తెర, బల్ల. అంటే ఇంటిల్లిపాదికీ తిండి.

"ఈ వారంలో సర్వేయరు కొలతలకి వస్తాడట. ఇంటికి తాళం ఉంటే ఏం కొలుస్తాడు?" అన్నాడు దర్జీ.

వెళ్ళి కొత్త తాళంకప్ప కొనుక్కొచ్చాడు. సర్వేయరు కనబడగానే బయట తాళం వేయాలి. పెరటి దారిన లోపలికి రావాలి. ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఇంతకు మించిన ఉపాయం ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

"వాడొచ్చేదాకా మాత్రం తలుపు తీసే ఉంచు. మూసిన ఇంటికి మనుషులు రారు," అంది వాళ్ళమ్మ.

బుధవారం మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. నెరిసిన జుట్టు, భుజాన సంచి. తలుపు తీసే ఉంది కాబట్టి గడప దాటి లోపలికే వచ్చాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. గడప దాటి వచ్చిన మనిషిని ఎవరని అడగకూడదు, తిన్నావా అని అడగాలి.

"నేనండీ..." అన్నాడాయన.

"ముందు కూర్చోండి అన్నయ్యగారూ," అంది దర్జీ భార్య. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చాడనుకుంది.

"నేనొచ్చిన పనేమిటంటే..."

"పనెక్కడికి పోతుంది బాబూ? అన్నం చల్లారిపోతుంది," అంది ముసలమ్మ. కోడలి పుట్టింటి తరఫు మనిషనుకుంది.

దర్జీ ఏమో తన తల్లి తరఫు చుట్టమనుకున్నాడు. ఆయన చొక్కాకు ఒక గుండీ లేకపోవడం చూసి, పట్టుబట్టి విప్పించి కుట్టిచ్చాడు.

ఆయన కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ బయటి గోడ వైపు చూశాడు.

"ఆ మరకేంటమ్మా?"

"వానొస్తే వీధి నీళ్ళన్నీ మా గుమ్మం ముందుకే బాబూ. అంతెత్తున నిలుస్తాయి. ఎదురుగా ఆ ఖాళీ స్థలం ఉందే, అది మెరక. చుక్క నిలవదు. గవర్నమెంటుదే అది కూడా."

"మరి ఇటువైపు రోడ్డేస్తే?"

"రోడ్డెందుకు, పడవ వేసుకోమను."

ఆయన నవ్వి, ఆ మరక ఎత్తును జానతో కొలిచి చూశాడు.

దర్జీ భార్యకు కడుపులో మాట దాగదు. నోటీసు సంగతి, తాళం సంగతి పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"ఆ సర్వేయరు ఎలా ఉంటాడో తెలుసా?" అని అడిగాడాయన.

"ప్యాంటూ, చేతిలో పొడుగాటి కర్రా ఉంటాయట. మనసు మాత్రం ఉండదట."

ఆయన కొత్తగా కుట్టిన గుండీ తడుముకున్నాడు.

"మీరు కాస్త గుమ్మంలో కూర్చుని చూస్తుంటారా అన్నయ్యగారూ? వస్తే తాళం వేసి, పెరటి వైపు వచ్చేయండి," అంటూ తాళంకప్ప, తాళంచెవి చేతిలో పెట్టింది.

ఆయన రెండూ తిప్పి తిప్పి చూసి, "సరే" అన్నాడు.

కాసేపటికి ముసలమ్మ వీధి చివరికి కళ్ళు చిట్లించి చూసింది.

"ప్యాంటు. పొడుగాటి కర్ర. వాడే."

ఆయన బుద్ధిగా తాళం వేశాడు. నలుగురూ వంటింట్లో నక్కారు. వీధి తలుపు దబదబా మోగింది. ఎవరూ పలకలేదు.

పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషి చేతిలో గొడుగుంది. ఆ ఇంటి అల్లుడు.

"పన్నెండేళ్ళుగా వస్తున్నాను. ఈ ఇంటికి తలుపుందని ఇవాళే తెలిసింది," అన్నాడు.

అందరికంటే ఎక్కువ నవ్వింది గుమ్మంలో కాపలా కాసినాయనే. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. అల్లుడి అలక తీర్చే హడావిడిలో, ఆయన పెరటి దారిన చుట్టి వెళ్ళి వీధి తలుపు తాళం తీసి "వెళ్ళొస్తానమ్మా" అనడం ముసలమ్మకొక్కదానికే వినిపించింది.

సాయంత్రం దర్జీ అడిగాడు. "ఇంతకీ మీ చుట్టమేడమ్మా?"

"నా చుట్టమా? కోడలి పుట్టింటాయన కాదూ?"

"మావాళ్ళెవరూ కాదత్తయ్యా. ఈయన దగ్గర బట్టలు కుట్టించుకునేవాడనుకున్నాను."

"దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయట," అన్నాడు అల్లుడు.

వెతికితే తాళంకప్ప గొళ్ళేనికే ఉంది. తాళంచెవి లేదు.

"అన్నం పెట్టి, గుండీ కుట్టిస్తే, చెవి పట్టుకుని ఉడాయించాడు. ఇప్పుడు సర్వేయరొస్తే ఏం చేయను?" అని దర్జీ తల పట్టుకున్నాడు.

"మరిచిపోయి జేబులో వేసుకునుంటాడ్రా. గడప దాటి వచ్చినవాణ్ణి అలా అనకు," అంది ముసలమ్మ.

నెల గడిచింది. సర్వేయరు రాలేదు. ఒక పొద్దున రాళ్ళ బండితో కూలీలే వచ్చారు. దర్జీ కుట్టుమిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తాళం వేద్దామంటే చెవి లేదు.

కూలీలు ఇటు రాలేదు. వీధి దాటి, ఎదుటి ఖాళీ స్థలంలో రాళ్ళు పాతడం మొదలుపెట్టారు.

"రోడ్డు అటు జరిగింది. ఇటువైపు నీళ్ళు నిలుస్తాయని సర్వేయరు గారు రాశారు," అన్నాడు మేస్త్రీ.

దర్జీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అతని భార్య అత్తగారిని వాటేసుకుని గిర్రున తిప్పింది.

"ఆయనెప్పుడొచ్చాడు బాబూ? మేమెవరం చూడలేదే. వస్తే ఒక్క ముద్దయినా పెట్టేవాళ్ళం," అంది ముసలమ్మ, రొప్పుతూ.

"నాకేం తెలుసమ్మా? ఆయనకు మొన్ననే బదిలీ అయింది. పోతూ పోతూ, తలుపు తీసి ఉన్న ఇంట్లో ఇది ఇమ్మన్నారు."

చిన్న కవరు. లోపల ఉత్తరమేమీ లేదు.

దర్జీ బోర్లించి దులిపితే, కొత్త తాళంచెవి గడప మీద ఖంగున పడింది.