గీయని ఏనుగు

ఆ కాలానికి ఇద్దరు మనుషులు ఒకే ఆట ఆడటం పోయింది. ఎవరింట్లో తెరమీద ఆడే ఆట వాళ్ల ఇష్టానికి తగ్గట్టు తనంతట తానే మారిపోయేది.

హనుమకొండలో ఒంటరిగా ఉండే మృణాళిని మాత్రం తన యుద్ధాల ఆట కోసం కాకతీయుల నాటి సైనికుణ్ణి స్వయంగా గీసింది. చేతిలో బల్లెం, బిగించి కట్టిన పంచె, అలసిపోయిన కళ్లు. ఆ కళ్లు కుదరడానికే నెల పట్టింది. పూర్తవగానే, "నీ ఆటలో పెట్టుకుని చూడవే" అంటూ చిన్ననాటి స్నేహితురాలు కోమలికి పంపింది.

సాయంత్రం కోమలి ఫోన్ చేసింది. "అబ్బ, ఎంత బాగా గీశావే! ఆ ఏనుగైతే మరీనూ!"

"నేను ఏనుగును గీయలేదే."

"అయ్యో, మా ఆట మార్చేసుకున్నట్టుంది. నాకు ఏనుగులంటే ఇష్టం కదా."

"ఒకసారి ఇంటికి రావే, నా తెరమీద చూద్దువుగాని."

"ఈమధ్య ఎక్కడికీ కదలబుద్ధి కావట్లేదే. అయినా బాగుందన్నానుగా!"

"సరేలే" అని మృణాళిని ఫోన్ పెట్టేసింది.

కంచంలో అన్నం పెట్టుకుని తెర ముందు కూర్చుంది. కోట బయట శత్రుసేన ఎదురుచూస్తోంది. ఆమె యుద్ధం మొదలుపెట్టలేదు. సైనికుణ్ణి కోట లోపలికి రప్పించి, గోడ నీడన కూర్చోబెట్టింది.

ముద్ద కలుపుతూ, "నువ్వు తిన్నావా?" అని అడిగింది.