జనరల్ గారి సర్వీసు

జర్మనీ మిలటరీ జనరల్ చేతిలో నుంచి తన కోడలిని విడిపించమని అందరూ ప్రార్థన చేయాలంటూ ఆ ఆదివారం మేరీ చర్చిలో మైకు అందుకుంది.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరు దగ్గాడు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న విజయరాణి నెత్తి మీది కొంగును ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. అత్తకు ఏది తెలిసినా వారం తిరగకుండా అది ప్రార్థన విన్నపమై సురంగల్ ఊరంతా వినబడుతుంది. అందుకే ఆమెకు ఏదీ చెప్పదు.

కొంగు చాటున ఫోన్ వణికింది. ఎవరో చూడకుండానే తెలుసు.

ఇంటికొచ్చి, అత్త కన్ను తప్పించుకొనేసరికి ఎండ వాలిపోయింది. బాత్రూంలో గడియ పెట్టుకొని చదివింది.

"ప్రియమైన రాణీ, రేపు నాకు తనిఖీ ఉన్నది. ఈ రోజు చీకటి పడేలోగా నీ జవాబు రాకపోతే నన్ను ముందు వరుసలోకి పంపిస్తారు. నీ డీటర్."

జనరల్ డీటర్ హోల్ట్‌మన్ జీవితం ఆమెకు కంఠతా వచ్చు. బవేరియా కొండల్లో రైతు కొడుకు. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరాడు. ట్యాంకుల దళం, తర్వాత అఫ్ఘానిస్తాన్. భార్య చనిపోయింది. ఫొటోలో నెరిసిన మీసం, ఛాతీ నిండా పతకాలు. ఇదంతా మొదటి రోజే గుక్క తిప్పుకోకుండా పంపాడు. ఆ భాగాన్ని ఆమె మళ్లీ చదవలేదు.

చదివేదల్లా ఆ తర్వాతి సర్వీసు విశేషాలే. వానాకాలంలో రాత్రికి రాత్రి ఆయనను ఇంకో సరిహద్దు శిబిరానికి మార్చారు. ఎక్కడో చెప్పకూడదు. రెండు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. చలి మొదలయ్యాక శత్రువు దాడిలో పక్కటెముక విరిగింది. ఆ వారమంతా ఆమె తన పక్కటెముకలను తడుముకుంటూ పడుకుంది. మొన్న ప్రమోషన్ వచ్చింది. "కొత్తగా నలుగురు కుర్రాళ్లను నా కిందికి ఇచ్చారు. వాళ్లకు గురిపెట్టడం నేర్పుతున్నాను. నాకు నిద్ర పట్టడం లేదు."

దాడి కంటే ఆ ప్రమోషనే ఆమెను ఎక్కువ భయపెట్టింది. మనిషికి తగిలిన దెబ్బ మానుతుంది. మనిషి నేర్పిన దెబ్బ?

అయినా తను తిరిగి రాసింది మాత్రం, "నీ మీసం చూస్తే నాకు సిగ్గేస్తుంది" అని. అలాంటివే రాయాలి. లోపల ఒకామె వణుకుతూ ఉంటుంది. వేళ్ల చివర ఇంకొకామె కులుకుతూ ఉంటుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

"ప్రియమైన డీటర్" అని మొదలుపెట్టిందో లేదో, తలుపు దడదడలాడింది.

"ఏమే, ఇంకెంతసేపు? తెల్లోడు లోపటికే వచ్చిండా?"

గడియ తీయగానే మేరీ ఫోన్ గుంజుకొని కూతురికి అందించింది. షారోన్ చేవెళ్లలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది.

"రాణీ అంట!" షారోన్ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపింది. "వదినా, గీయన జనరల్ గాదు గినరల్ గాదు. ఫొటో ఎవలిదో, నెట్‌ల దొరుకుతది. మా షాపుకు గిసొంటి కేసులు బొచ్చెడొస్తయ్. చదువుకున్నదానివి, ఎట్ల నమ్మినవ్?"

"రాసే తీరుల తెలుస్తది."

"ఏం తెలుస్తది, మన్ను!"

మేరీ ఆమె ముఖం పట్టుకొని పక్కకు తిప్పింది. "చెవుల కమ్మలేవి?"

విజయరాణి కొంగును చెవుల మీదికి లాక్కుంది.

"పంపినవా? జర్మనీల బంగారం కరువొచ్చిందా, ఆ జనరల్‌కు నీ కమ్మలే కావల్సొచ్చినయా?" మేరీ ఆమె ముఖాన్ని వదిలేసింది. "నా కొడుకు బ్యాంకాక్‌ల కంప్యూటర్ నౌకరని పోయిండు. ఈస్టర్ సంది ఫోన్ లేదు. ఉన్నడో లేడో తెల్వక నేను ఉపాసాలుంటున్న. నువ్వు ఒక్కనాడన్న ఏడుస్తున్నవా?"

నిజమే. మొదట్లో ఏడ్చేది. జనరల్ వచ్చాక మానేసింది.

"బ్లాక్ కొట్టు బిడ్డా. సిమ్ము తీసి పొయ్యిల వెయ్యి."

కిటికీ అవతల వెలుతురు పలచబడుతోంది. విజయరాణి అత్త కాళ్ల దగ్గర కూలబడింది.

"ఒక్క జవాబు రాయనీ అత్తమ్మా. ఒక్కటే. అటెన్క నన్ను సంఘంల నిలబెట్టు, ఎల్లగొట్టు. నీ ఇష్టం."

"గంత పానమా వాడంటే?"

"పానమే."

చెంప చెళ్లుమంది. కొట్టిన మేరీయే ఏడ్చింది. షారోన్ మాత్రం తల ఎత్తలేదు, తెర మీద దేనికోసమో వెతుకుతోంది. దొరికినట్టుంది, బొటనవేలు ఆగింది.

చెబితే ఊరు. ఊరంటే టీవీ వాళ్లు. టీవీలో వస్తే అది అక్కడి వాళ్లూ చూస్తారు. చెప్పకపోతే ఆ వేలు. వేలు కిందికి దిగుతోంది.

"నొక్కకు షారోనూ," అంది విజయరాణి, ఆ మణికట్టును రెండు చేతులా పట్టుకొని, "నౌకరని పిలిచినోళ్లు గదిల పెట్టి తాళమేసి, కొట్టుకుంట ఆ జనరల్ రాతలు రాయిస్తున్నది మీ అన్నతోనే."