గ్యాస్ లీకు లింకు

"అయిపోయిందమ్మా, నా ఉద్యోగం గోవిందా!" అంటూ కూతురు కంప్యూటర్ ముందు తల పట్టుకుంది.

తల్లి పరుగెత్తుకొచ్చింది. "షాక్ కొట్టిందా?"

"కాదు. నువ్వు పోరుపెట్టావని నువ్వు రోజూ నాకు పంపే జాగ్రత్తల వీడియోల్లోంచి గ్యాస్ లీకుది లింకు పిన్నికి పంపుదామని కాపీ చేశానా? అదే నా అప్లికేషన్‌లో అతుక్కుంది. పైన 'నా డిజైన్లు' అని మాటలు దిద్దాను గానీ, లోపల లింకు నీదే ఉండిపోయింది. పీడీఎఫ్ చేసి పంపేశాను కూడా!"

అంతలో ఫోన్ మోగింది.

"ఎత్తకే, పోలీసులేమో!"

కూతురు స్పీకర్ పెట్టింది. అవతల మేనేజరు. "మీ డిజైన్లు చూద్దామని నొక్కితే గ్యాస్ వీడియో వచ్చిందండీ. అందులో చెప్పినట్టు సబ్బు నురగ పూసి చూస్తే, మా క్యాంటీన్ సిలిండర్ దగ్గర బుడగలే బుడగలు! పెద్ద గండం తప్పింది. అసలు డిజైన్లు పంపించి, రేపు ఇంటర్వ్యూకి రండి."

ఇద్దరూ చేతులు పట్టుకుని గంతులేశారు. ఉన్నట్టుండి తల్లి ఆగిపోయింది. "ఆ ఆఫీసు ఎన్నో అంతస్తే?"

"తొమ్మిది."

తల్లి మొహం పాలిపోయింది. తల్లి పంపే ఆ వీడియోల్లో ఒక్కటీ ఏనాడూ తెరవని కూతురు ఆమె భుజం మీద గడ్డం ఆనించింది.

"మొన్న లిఫ్టు వీడియో పంపావుగా, చూడకుండానే తీసేశాను. మళ్లీ పంపవా?"

తల్లి మొహం వెలిగిపోయింది. "మెట్ల మీద జారిపడేది కూడా ఉంది, పంపనా?"