ఐదు నిమిషాల్లో జవాబు

మొదటి పత్తికట్టె ముసలాయన భుజం మీద రెండు ముక్కలైంది.

యలమంద కంగారుపడలేదు. ఇంకో నాలుగున్నాయి.

పర్చూరు రోడ్డులో పత్తిచేల మధ్య కట్టిన యూనివర్సిటీ అది. అక్కడి చల్లటి గదిలో అరవై నాలుగు కంప్యూటర్లు కలిసి ఒకే పెద్ద మెషిన్‌లా పనిచేస్తాయి. క్లస్టర్ అంటారు దాన్ని. నల్ల తామరపురుగు మిరప తోటల్ని ఎటునుంచి ఎటు తినుకుంటూ పోతుందో తేల్చే యలమంద లెక్క అందులో ఇరవై ఏడు రోజులుగా నడుస్తోంది.

ఇంకొక్క రోజు నడిస్తే పీహెచ్‌డీ. నడవకపోతే, "ఇంకో ఏడాది ఆగవయ్యా" అంటారు గైడు శేషాచలం గారు. ఆ మాట ఆయన మూడేళ్ళుగా అంటూనే ఉన్నారు.

ఇవాళ పన్నెండింటికి మెయింటెనెన్స్. మొత్తం ఆపేస్తారట.

ఆపినా లెక్క పోకుండా సగంలో ఎలా దాచుకోవాలో నాలుగుసార్లు ట్రైనింగ్ పెట్టారు. అందరూ వెళ్ళారు. యలమంద వెళ్ళలేదు. ట్రైనింగులు పనిలేనివాళ్ళకని అతని అభిప్రాయం.

ఆ యూనివర్సిటీ మొత్తంలో అతను నమ్మేది ఒక్క హెల్ప్‌డెస్క్‌నే. ఎప్పుడు మెయిల్ పెట్టినా ఐదు నిమిషాల్లో జవాబు. రెండేళ్ళలో మూడొందల మెయిళ్ళు పెట్టాడు. అందులో ఓ వంద ఒకే ప్రశ్న.

"అది మనిషి కాదురా, ఏదో ప్రోగ్రామ్," అనేవాడు రూమ్మేటు శరత్‌చంద్రతో. "మనిషైతే ఒక్కసారైనా విసుక్కునేవాడు."

అలాంటి యలమంద పొద్దున ఏడింటికే ఐదు పత్తికట్టెలు, అరకిలో కారం పొట్లం పట్టుకుని ఆ గది తలుపు దగ్గర కాపలా కూర్చున్నాడు. యుద్ధానికి అంతకన్నా ఏం కావాలి?

పదింటికి ముసలాయన వచ్చాడు. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, చేతిలో టిఫిన్ క్యారియర్. మెడలో కార్డు కూడా లేదు.

"కాస్త జరుగు బాబూ," అంటూ లోపలికెళ్ళి, కీబోర్డు ఉన్న సొరుగు లాగాడు.

"ఏయ్, ఎవరయ్యా నువ్వు?"

"మెయింటెనెన్సు, బాబూ."

అప్పుడే మొదటి కట్టె విరిగింది.

"ఆగు బాబూ, నేను ఆపడానిక్–"

రెండోది వీపు మీద విరిగింది. ఆ చప్పుడు చిలకలూరిపేటలో ఎవరికైనా వినపడకపోతే అది వాళ్ళ చెవుల లోపమే.

"ఇరవై ఏడు రోజులయ్యా! ఇరవై ఏడు! నీకేం తెలుసు?"

"తెలుసు, తెలుసు. రెండు నిమిషాలివ్వు–"

మూడోది మోకాలి మీద. నాలుగోది చెవి మీద. కళ్ళజోడు ఎగిరి గోడకి కొట్టుకుంది. చెవి వెనక నుంచి రక్తం చొక్కా కాలరులోకి దిగింది. ముసలాయన కూలబడ్డాడు కానీ కుడిచెయ్యి మాత్రం కీబోర్డు వదల్లేదు. ఏదో కొడుతూనే ఉన్నాడు.

యలమంద సొరుగుని కాలితో తన్ని మూశాడు.

లోపల వేళ్ళున్నాయి. ఎండుమిరపకాయ తొడిమ తుంచినట్టు చిన్న చప్పుడు వచ్చింది. నాలుగుసార్లు.

ముసలాయన అరవలేదు. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది.

"యలమందా... రెండే రెండు నిమిషాలు..."

యలమంద ఆగాడు. నా పేరు ఈయనకెలా తెలుసు?

ఒక్క క్షణం ఆలోచించాడు. పేరు కూడా కనుక్కుని, పగబట్టి వచ్చాడన్నమాట.

కారం పొట్లం విప్పాడు.

గుంటూరు కారం ఒక్కరి కళ్ళతో సరిపెట్టుకునే రకం కాదు. సగం ముసలాయన మొహాన పడింది. మిగతా సగాన్ని అరవై నాలుగు కంప్యూటర్ల ఫ్యాన్లు ఆప్యాయంగా పీల్చుకుని గదంతా ఊదాయి. గది ఎర్రబడింది. పైకప్పులో పొగని కనిపెట్టే పరికరానికి కారం సంగతి ఎవరూ నేర్పలేదు. పొగే అనుకుంది. సైరన్ మోగింది. మంటలు రేగకుండా కరెంటు దానంతటదే పోయింది.

అరవై నాలుగు కంప్యూటర్లూ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.

టైము పదీ ఎనిమిది. మెయింటెనెన్సుకి ఇంకా దాదాపు రెండు గంటలుంది.

నిన్ననే డ్యూటీలో చేరిన వాచ్‌మన్ బుడాన్ దగ్గుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ముసలాయన మొహం మీద ఏది రక్తమో ఏది కారమో తెలియడం లేదు.

"ఎవరయ్యా ఈయన?"

"ఎవడో రౌడీ."

"టిఫిన్ క్యారియర్ తెచ్చుకున్న రౌడీని ఇప్పుడే చూస్తున్నానయ్యా."

బుడాన్ ఆయన్ని భుజాన వేసుకున్నాడు. ముసలాయన కళ్ళు తెరుచుకోవడం లేదు. వేళ్ళు తలోదిక్కుకీ వేలాడుతున్నాయి.

"బాబూ," అన్నాడు ముసలాయన బుడాన్ చెవిలో, "ఆ కుర్రాణ్ణేమీ అనొద్దు. లెక్క పోయింది వాడికి."

ఆటో వెళ్ళిపోయింది.

యలమంద నేల మీద కూర్చున్నాడు. ఇరవై ఏడు రోజులూ పోయాయి. ఇక మిగిలింది హెల్ప్‌డెస్క్ ఒక్కటే. మండుతున్న కళ్ళతోనే ఫోన్‌లో మెయిల్ కొట్టాడు.

"అర్జెంట్. ఎవడో రౌడీ వచ్చి నా లెక్క నాశనం చేశాడు. మీరే కాపాడాలి."

పంపాడు.

సొరుగు కింద ఏదో టింగుమంది.

యలమంద అటు చూశాడు. ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ పంపాడు.

మళ్ళీ టింగుమంది.

పాకుతూ వెళ్ళి చెయ్యి పెట్టి తీశాడు. ముసలాయన ఫోను. అద్దం పగిలింది. కారం తుడిస్తే తను ఇప్పుడే పంపిన రెండు మెయిళ్ళూ కనిపించాయి.

వాటి కింద, పదింటికని ముసలాయన పెట్టుకున్న రిమైండర్ ఉంది: "యలమంద లెక్క నేనే దాచిపెట్టాలి. పాపం, ట్రైనింగుకి రాలేదు కుర్రాడు."