పదిమంది ఉంటేనే బడి

పద్మారాణి టీచర్ పొద్దున్నుంచి పిల్లల్ని లెక్కపెడుతూనే ఉంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నలుగురే.

రిజిస్టరులో మాత్రం పదిమంది. మిగతా ఆరుగురూ పసుపు బస్సెక్కి తాండూరు ప్రైవేటు బడికి పోబట్టి ఏడాదైంది. పదిమంది లేని బడిని పక్కూరి బడిలో కలిపేస్తారని కొత్త ఉత్తర్వు; ఇవాళే తనిఖీ. పక్కూరు నాలుగు కిలోమీటర్లు. మధ్యలో నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్డు. ఆ రోడ్డు దాటించి రెండో తరగతి భవ్యశ్రీని వాళ్లమ్మ పంపదు. బడి పోతే ఆ పిల్ల చదువూ పోయినట్టే.

"పరేషాన్ గాకుండ్రి మేడం," అంది బడిలో వంట చేసే మొగులమ్మ. "మా మరదలు బషీరాబాద్ దిక్కు బళ్లె వండుతది. గామెకు చెప్పిన. ఆరుగురు పోరగాండ్లొస్తరు. తలా ఒక గుడ్డు పెడితే సాలంట."

పదింటికి నిజంగానే ఆరుగురు వంటగది వెనక నుంచి వచ్చి వరసలో కూర్చున్నారు. ఎవరు దింపారని పద్మారాణి అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం. ఒక్కొక్కరికీ రిజిస్టరులోంచి ఒక్కో పేరు అప్పగించింది. ఇదేం కొత్త కాదన్నట్టు వాళ్లు తలలూపారు.

పదిన్నరకు తనిఖీ అధికారి మహిధర్ వచ్చాడు. ఆయన మొహం చూస్తే తాళంకప్ప గుర్తొస్తుంది.

"నీ పేరేంది రా?" అన్నాడు ముందు వరస పిల్లాణ్ణి.

వాడు లేచి, చేతులు కట్టుకుని, వినయంగా అడిగాడు.

"ఇయ్యాల నా పేరేంది సార్?"

మహిధర్ దగ్గాడు. రిజిస్టరు తిరగేశాడు.

"సాయికిరణ్. కూసో."

ఇంత మెతక మనిషా అనుకుందామె. మూలనున్న పిల్ల, ఆయన అడగడం పూర్తికాకముందే ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పింది. ఇంకొకడు పక్కవాడితో కన్నడంలో ఏదో గొణిగాడు. అధికారి కిటికీలోంచి కందిచేను చూశాడు.

"బడి ఉంటది మేడం. ఫికర్ చెయ్యకుండ్రి," అంటూ సంతకం పెట్టాడు. "ఇంకొక్క బడి మూతపడ్డా మీదోళ్లు నన్నే అడుగుతరు."

పద్మారాణి కళ్లనిండా నీళ్లు. భవ్యశ్రీని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. అంతలోనే, ఇంత మంచి మనిషిని మోసం చేశానే అని సిగ్గు ముంచుకొచ్చింది. అప్పటికే ఆరుగురూ గుడ్లు పట్టుకుని మాయమయ్యారు. ఏమైతే అయింది, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని ఆమె అధికారి వెనకే గేటు దాకా పరుగెత్తింది.

అక్కడ మహిధర్ తన జీపు వెనక తలుపు తీసి పట్టుకుని, గుడ్లు నములుతున్న ఆ ఆరుగురినీ తొందరపెడుతున్నాడు: "జల్ది ఎక్కుండ్రి రా, నాలుగు కొట్టేలోపు ఇంకా మూడు బడులు నింపాలె!"