నాలుగు శాతం

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు సర్వే ఇంజనీరు శశికుమార్ బోరు లారీని ఆపించాడు. కాలనీకి మంచినీళ్ల బోరు వేయడానికి వచ్చిన లారీ అది. నేలలోకి ఇంకా ఒక్క అడుగు కూడా దిగలేదు.

"ఈ చోట నీళ్లు పడవు. అవకాశం నాలుగు శాతమే," అని లాప్‌టాప్ తిప్పి చూపించాడు.

"అట్లయితే లారీని బెళుగుప్పకు పంపించేయండి సార్. ఆడైనా పనికొస్తాది," అన్నాడు రైతు ఆదెన్న. బోరు పాయింటు అతని చేని కంచెకు నలభై అడుగుల దూరంలో ఉంది.

కాలనీ తరఫున వచ్చిన హనుమక్క ఖాళీ బిందె కింద పెట్టింది. కాలనీకి మూడు రోజులకొక ట్యాంకరు వస్తుంది. ఇంటికి ఆరు బిందెలు. ఈ లారీ పోతే మళ్లీ వచ్చేది వచ్చే ఏడాదే.

"ఎండలో వచ్చినారు సార్. మజ్జిగ తాగి పోండి."

"టైం లేదమ్మా."

"పదకొండు దాకా ఉండండి, అంతే. ఈ సున్నాలేంది సార్? ఈ బాణాలేంది?"

శశికుమార్ లాప్‌టాప్‌లోని ఆ బొమ్మ మీద ఆరు నెలలు పని చేశాడు. ఇదేమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అతను కూర్చున్నాడు.

"ఒక్కో సున్నా ఒక్కో సంగతి. ఇది వాన. ఇది కింద రాయి. ఈ పన్నెండూ చుట్టుపక్కల బోర్లు. దేనివల్ల ఏది మారుతుందో బాణం చెబుతుంది. ఒక్కటి మారినా లెక్కంతా మారుతుంది."

"వాన ఎక్కువ పెడితే?"

నొక్కాడు. "ఐదు."

"రాయి మెత్తనిదైతే?"

"ఏడు."

"అవన్నీ తెలిసి ఆమె ఏం జేస్తాది సార్?" అన్నాడు ఆదెన్న. ఫోన్ తీసి టైం చూశాడు. లోపల పెట్టి మళ్లీ తీశాడు. "నేను చేనికాడికి పోయొస్తా."

"యాడికన్నా? ఊరి తరఫున సంతకం నువ్వే కదా పెట్టల్ల. కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావే!" అంది హనుమక్క.

బోరు డ్రైవర్ హారన్ కొట్టాడు. శశికుమార్ రద్దు కాగితం తీశాడు.

"ఈ పన్నెండు బోర్ల సంగతి ఎవరు చెప్పినారు సార్?"

"రైతులే. పన్నెండూ ఎండిపోయాయని రాసి సంతకాలు చేశారు."

"నాది ఎండి రెండేండ్లాయ," అన్నాడు ఆదెన్న.

హనుమక్క అతని వైపు చూసింది. రేపు ఆమె కూలికి పోవాల్సింది అతని చేనికే.  మజ్జిగ చెంబు శశికుమార్ వైపు జరిపింది.

"ఒకటే సార్. ఆ పన్నెండూ మారిస్తే?"

"ఎండిన బోర్లు ఎట్లా మారతాయమ్మా?" అని నవ్వి, నొక్కాడు. అంకె ఎనభై ఒకటి చూపించింది. వెంటనే పాత లెక్కకు తెచ్చి, కాగితం ఆదెన్నకు ఇచ్చాడు.

"యాడ పెట్టల్ల సార్? ఈడేనా? తొందరగా చూపించండి."

పదకొండు గంటల రెండు నిమిషాలకు చేలకు త్రీఫేజ్ కరెంటు వచ్చింది. కంచె అవతల, కరెంటు రాగానే దానంతటదే మోటరు ఆడించే స్టార్టర్ డబ్బా టక్కుమంది. ఆదెన్న బోరు పైపు గాలి కక్కి, నీళ్లు పోసింది.

ఆ వెనకే ఆ పన్నెండింటిలో మరో ఎనిమిది బోర్లు పోశాయి.